మెదక్ ఖిల్లా మీద ఒక పూట, పోచారం నీళ్ళలో ఒక పూట

బాన్సువాడ చుట్టుపక్కల సంఘాలవారికి మెదక్ తెలియని ఊరు కాదు. క్రిస్మసుకో, గుడ్ ఫ్రైడేకో, ఇంట్లో ఏదైనా శుభం జరిగినప్పుడో సద్ది కట్టుకొని బయలుదేరుతాం. మహాదేవాలయంలో కృతజ్ఞతార్పణ చెల్లిస్తాం, ఆవరణలో చెట్ల నీడన కూర్చొని పులిహోర తింటాం, పిల్లలకు బొమ్మలూ బూరలూ కొనిపెడతాం, చీకటి పడకముందే ఇల్లు చేరుకుంటాం. ఆ ఊళ్ళోనే గుట్ట మీద నల్లగా కనిపించే గోడల దిక్కు చెయ్యి చూపి "అది పాత ఖిల్లా" అని చెప్పి ఊరుకుంటాం. పాతికేళ్ళుగా మెదక్ వెళ్ళివస్తున్న మా సంఘపు పెద్దల్లో ఆ గుట్ట ఎక్కినవారెందరని ఒకనాడు ఆరాధన తరువాత అడిగితే లేచిన చేతులు రెండే.

అడిగింది మా యువజనులు. 2024 దసరా సెలవుల్లో పిల్లలనూ పెద్దలనూ కలుపుకొని ఒకరోజు ప్రయాణం పెట్టాలని వారి ఆలోచన. పొద్దున ఖిల్లా, మధ్యాహ్నం గుడి, తిరుగు దారిలో పోచారం చెరువు మత్తడి కింద స్నానాలు. మొదటి రెండింటికీ ఎవరూ అడ్డు చెప్పలేదు. మూడోది వినగానే స్త్రీల మైత్రి సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అందరి కళ్ళూ చివరి వరుసలో కూర్చున్న ఒక తల్లి వైపు తిరిగాయి. ఆమె పెద్దకొడుకు కొన్నేళ్ళ కిందట ఎండాకాలం సెలవుల్లో స్నేహితులతో కాలువకు పోయి తిరిగి రాలేదు. ఇప్పుడు చిన్నవాడికి పన్నెండేళ్ళు.

"ఖిల్లాకు తోల్కపోండ్రి, వద్దంటలేను. నీళ్ళకాడికి మాత్రం నా పిలగాణ్ణి తీస్కపోవద్దు" అన్నదామె.

దానికి ఎవరేం జవాబు చెప్పగలరు? మాట అక్కడికి ఆగిపోయేదే. కానీ వయసులో పెద్దదైన ఒక అవ్వ లేచి, "మనం కాలువ నీళ్ళ మీద బతికేటోళ్ళం. ఇంటి ముంగట కాలువ, పొలంల బాయి, ఊరవతల చెరువు. పిల్లలను నీళ్ళకెళ్ళి ఎన్నొద్దులు దాచిపెడ్తం బిడ్డా? తెలిసినోని ముంగట దిగితేనన్న భయమేందో, ధైర్యమేందో ఎరుకైతది" అన్నది. నిజమే. నిజాంసాగర్ కాలువలే లేకపోతే బాన్సువాడకు ఈ వరి పొలాలు లేవు. మంజీర నదికి అడ్డంగా 1923లో మొదలుపెట్టి 1931లో ముగించిన ఆ ఆనకట్ట నీళ్ళతోనే మన తాతలు మొదటిసారి రెండు పంటలు చూశారు. అయినా ఆ నీళ్ళ గట్టునే పుట్టి పెరిగిన మన పిల్లల్లో ఈత వచ్చినవారు చాలా తక్కువ. ఆడపిల్లల సంగతి చెప్పనే అక్కరలేదు.

చివరకు అయ్యగారి సమక్షంలో ఒక ఒప్పందం కుదిరింది. గుట్ట మీదికి గానీ నీళ్ళలోకి గానీ తెలిసిన మనిషి వెంట లేకుండా వెళ్ళకూడదు. ఖిల్లా చూపించడానికి మెదక్‌లో బడిపంతులుగా పనిచేసి రిటైరైన ఒక సారు ఒప్పుకున్నారు. నీళ్ళ దగ్గరికి పోచారం పక్క ఊళ్ళో చేపలు పట్టి బతికే ఒక పెద్దమనిషిని మాట్లాడారు. ఆ తల్లి కూడా కొంతసేపు తలవంచుకొని కూర్చొని, "అయితే నేను గూడ వస్త. వాడు నా కండ్ల ముంగట ఉండాలె" అన్నది.

బస్సు తెల్లవారుజామున కదిలింది. ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట మీదుగా మెదక్ అరవై డెబ్బై కిలోమీటర్ల దారి. పాటలు పాడుకుంటూ ఎనిమిదింటికల్లా ఖిల్లా కింద దిగాము. ఎండ ఎక్కకముందే గుట్ట ఎక్కాలన్నది సారు పెట్టిన మొదటి షరతు. నీళ్ళ సీసాలు తప్ప మరేమీ పట్టుకోవద్దని రెండో షరతు. పైన కోతులు ఎక్కువ, చేతిలో సంచి కనబడితే వదలవు.

ఖిల్లా ఉన్న గుట్ట సుమారు మూడు వందల అడుగుల ఎత్తు. కాకతీయుల కాలంలో కట్టారని చెబుతారు. ప్రతాపరుద్రుని పేరు దానితో ముడిపడి ఉంది. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యాల చేతికి చిక్కిన తరువాత ఈ కోట కూడా చేతులు మారింది. బహమనీలు ఏలారు, తరువాత గోల్కొండ కుతుబ్ షాహీలు ఏలారు. ఎవరు వచ్చినా పాత గోడలు పడగొట్టలేదు. వాటి మీదనే తమ గోడలు లేపుకున్నారు. అందుకే కింది వరుసల్లో ఒకరి పనితనం, పై వరుసల్లో మరొకరి పనితనం కనబడుతుంది. సారు చూపించేదాకా మాకు అన్నీ ఒకే రాళ్ళు!

దారి ఏటవాలుగా మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. మొదట వచ్చేది ప్రథమ ద్వారం. దాని మీద రెండు తలల గండభేరుండ పక్షిని చెక్కారు. ఆ తరువాత పై భాగాన కోరలు చాచిన రెండు సింహాలున్న సింహద్వారం. ఆపైన ఇరువైపులా ఏనుగుల బొమ్మలున్న గజద్వారం. ఒక్కో ద్వారం దగ్గర దారి ఎందుకు వంకర తిరిగిందో పిల్లలనే చెప్పమన్నారు సారు. ఎవరికీ తోచలేదు. "తిన్నగ ఉంటే ఏనుగు ఉరికొచ్చి తలతోని తలుపు గుద్దుతది. మలుపు పెడితే దానికి ఉరికే జాగ దొరకదు" అన్నారాయన. ఆ ఒక్క మాటతో పిల్లలకు గోడలు ప్రాణం ఉన్నవాటిలా కనబడసాగాయి. ఇక ప్రతి మూలా ఎందుకలా ఉందని అడగడమే.

పైన పదిహేడో శతాబ్దంలో కుతుబ్ షాహీలు కట్టించిన మసీదు ఉంది. ధాన్యం నిల్వచేసిన కొట్ల శిథిలాలు ఉన్నాయి. మూడు మీటర్లకు పైగా పొడవున్న పాత ఫిరంగి ఉంది. దాని మీద ఎక్కి ఫోటో దిగడానికి మా అబ్బాయిలు పోటీపడుతుంటే సారు మందలించారు. మందలించాల్సిందే. గోడల మీద బొగ్గుతోనూ సుద్దతోనూ రాసిన పేర్లూ ప్రేమ గుర్తులూ చూస్తే, నాలుగైదు వందల ఏళ్ళు వానకూ ఎండకూ తట్టుకున్న రాయికి మన చదువుకున్న పిల్లల చేతి రాతే శత్రువేమో అనిపించింది.

అన్నిటికంటే మమ్మల్ని ఎక్కువసేపు నిలబెట్టింది ధాన్యపు కొట్లు. ఈ కోటను పాతకాలంలో మెతుకుదుర్గం అనేవారట, ఈ ప్రాంతాన్ని మెతుకుసీమ అని ఇప్పటికీ అంటారు. మెతుకు అంటే మనకు తెలిసిందే, ఉడికిన అన్నపు గింజ. కుతుబ్ షాహీల కాలంలో ఊరికి గుల్షనాబాద్ అని పేరుపెట్టారు, పూలతోట అని దాని అర్థం. ఆ అందమైన పేరు కాగితాల మీదనే ఉండిపోయి, జనం నోట మెతుకే నిలిచి మెదక్ అయిందని సారు చెప్పారు. మా సంఘంలోని రైతులకు ఈ మాట బాగా నచ్చింది.

అప్పుడే ఆ పన్నెండేళ్ళ అబ్బాయి, "సార్, ఈ రాళ్ళు మోసినోళ్ళకు కూలి ఎంత ఇచ్చిండ్రు?" అని అడిగాడు.

సారు కొంచెంసేపు మాట్లాడలేదు. "అది రాసిపెట్టినోళ్ళు లేరు కొడుకా" అన్నారు.

రాయి కొట్టిన వడ్డెరవారు, మట్టీ సున్నమూ మోసిన ఆడవారు, వారి బిడ్డలు ఏ ఊళ్ళవారో, ఏం తిన్నారో, ఎందరు గోడ మీదినుండి జారిపడ్డారో ఏ శాసనమూ చెప్పదు. మన బైబిల్లో నెహెమ్యా గ్రంథం మూడో అధ్యాయం చదివేటప్పుడు, అన్నీ పేర్లే కదా అని చాలామంది పేజీ తిప్పేస్తారు. యెరూషలేము గోడను ఎవరెవరు ఎంతెంత మేర బాగుచేశారో అందులో వరుసగా ఉంది. కంసాలులు ఉన్నారు, పరిమళ ద్రవ్యాలు చేసేవాడు ఉన్నాడు, షల్లూము అనే అధిపతితో పాటు అతని కుమార్తెలు కూడా ఉన్నారు. ఒక గోడ కట్టినవారి జాబితా అంత శ్రద్ధగా రాసిపెట్టడం ఎంత అరుదో మెదక్ ఖిల్లా మీద నిలబడితేనే మాకు తెలిసివచ్చింది.

పై భాగాన బండ మీద అక్కడక్కడ వాన నీళ్ళు నిలిచిన గుంతలున్నాయి. గుట్ట మీద వందలమంది సైనికులు, గుర్రాలు ఉంటే తాగడానికి నీళ్ళెక్కడివన్నది తరువాతి ప్రశ్న. పడిన ప్రతి చినుకునూ గుట్ట మీదే ఆపుకోవడం తప్ప వేరే దారి లేదని, ఎంత గట్టి గోడ ఉన్నా నీళ్ళు అయిపోయిననాడు తలుపు తీయక తప్పదని సారు చెప్పారు. డిగ్రీ చదువుతున్న మా యువజనుడొకడు ఇక్కడ మంచి సంగతి ఒకటి అందుకున్నాడు. మధ్య అమెరికాలోనూ మెక్సికోలోనూ మాయా జాతివారు కట్టిన రాతి పట్టణాల గురించి అతడు చదివాడు. (మన పురాణాల్లోని మయుడికీ వీరికీ ఏ సంబంధమూ లేదు, పేరు మాత్రమే కలిసింది.) వారి యుకతాన్ ప్రాంతమంతా సున్నపురాయి నేల. పైన పారే నదులు దాదాపుగా లేవు. వాన నీరంతా నేలలోకి ఇంకి లోపల పారుతుంది. ఎక్కడైనా పైకప్పు కూలితే లోతైన గుండం ఏర్పడుతుంది. ఆ గుండాల పక్కనే వారు ఊళ్ళు కట్టుకున్నారు. చిచెన్ ఇట్జా అనే ప్రసిద్ధ పట్టణం పేరుకు అర్థమే ఇట్జా ప్రజల బావి ఒడ్డు అని. ఇప్పుడు అక్కడికి వచ్చే యాత్రికులు పొద్దున శిథిలాలు చూసి, మధ్యాహ్నం అలాంటి గుండాల్లో ఈదుతారట. "మనం చేస్తున్నది గూడ అదే గదా" అని అతడంటే అందరూ నవ్వారు.

దక్షిణాన అడవుల్లోని మాయా పట్టణాలు చాలావరకు తొమ్మిదో శతాబ్దంలో పాడుబడ్డాయి. యుద్ధాలతో పాటు వరుస కరువులు కూడా అందుకు కారణమని పరిశోధకుల అభిప్రాయం. పట్టణాలు పోయినా జనం పోలేదు. లక్షలాదిమంది నేటికీ మాయా భాషలు మాట్లాడుతూ మొక్కజొన్న పండించుకుంటున్నారు. ఈ మాట విని మా అవ్వ, "ఈ ఖిల్లా కట్టినోళ్ళ మనుమలు గూడ ఈడనే యాడనో నాట్లేస్తుంటరు" అన్నది.

గుట్ట మీదినుండి చూస్తే మెదక్ ఊరూ, చెరువులూ, పచ్చని పొలాలూ, వాటి నడుమ మన మహాదేవాలయపు గోపురమూ ఒక్క చూపులో కనబడతాయి. గుడి గురించి మన పాఠకులకు కొత్తగా చెప్పేదేమీ లేదు. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు 1914లో పని మొదలుపెట్టించడం, కరువు రోజుల్లో ఆకలితో వచ్చినవారికి పని ఇచ్చి అన్నం పెట్టడం, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరగడం, 175 అడుగుల గోపురం, ఇవన్నీ మన ఇళ్ళలో కథలుగా చెప్పుకునేవే. మేము వెళ్ళిన ఏడాది డిసెంబరుతోనే దానికి వందేళ్ళు నిండాయి. అయితే పొద్దంతా ఖిల్లా చూసి మధ్యాహ్నం గుడిలో అడుగుపెట్టడం మాకు వేరుగా అనిపించింది. ఈ రాళ్ళు మోసినవారు ఏం తిన్నారో మనకు తెలుసు. వారిలో కొందరు మన ముత్తాతలు, ముత్తవ్వలు. మా సంఘంలో ఇద్దరు ముసలివారు తమ ఇంటి పెద్దలు ఇక్కడ తట్టలు మోశారని చెబుతూ వచ్చారు. ఆనాడు ఆ పిల్లవాడు వారి దగ్గర కూర్చొని ఆ తట్టలు మోసినవారి పేర్లడిగి తన నోటుబుక్కులో రాసుకున్నాడు. రంగు అద్దాల కిటికీలు పగటి వెలుగు బయటినుండి పడితేనే బాగుంటాయి కనుక మధ్యాహ్నం వేళ సరిగ్గా సరిపోయింది. సద్ది విప్పుకొని తిని, ఒక గంట విశ్రాంతి తీసుకొని, మూడింటికి పోచారం దారి పట్టాము.

పోచారం మెదక్ నుండి పదిహేను కిలోమీటర్లు. ఆలేరు వాగుకు అడ్డంగా నిజాం ప్రభుత్వం 1916లో మొదలుపెట్టి 1922లో కట్ట పూర్తిచేసింది. అంటే గుడికి రాళ్ళు చెక్కుతున్న రోజుల్లోనే ఇక్కడ కట్ట లేస్తున్నది. ఆ మధ్యలోనే 1918లో వానలు పోయాయి, దేశమంతటా విషజ్వరం వచ్చి లక్షలమంది చనిపోయారు. అలాంటి కాలంలో కట్టిన కట్ట ఇది. నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి వైపు పదివేల ఎకరాలకు పైగా దీని నీళ్ళు పారతాయి. చుట్టూ ఉన్న అడవి ఒకప్పుడు నిజాం వేటాడిన చోటు. 1952లో అభయారణ్యంగా ప్రకటించారు. చుక్కల దుప్పులు, కడుజులు, నీలుగాయిలు ఉన్నాయి. చలికాలంలో దూరదేశాల బాతులు దిగుతాయి. మాకు ఆనాడు కొంగలే ఎక్కువ కనబడ్డాయి.

ఈ చెరువు మత్తడి చాలా పొడవు. నిండగానే గేట్లు ఎత్తే పని లేకుండా నీళ్ళు రాతికట్ట మీదుగా వాటంతట అవే దూకుతాయి. మేము వెళ్ళేసరికి వానలు వెనకపట్టి, మత్తడి మీద పల్చని తెల్లని పొరలాగా జారుతున్నాయి. చూడగానే అబ్బాయిలు చొక్కాలు విప్పబోయారు. మా చేపల తాత గట్టు మీద అడ్డంగా నిలబడి, "ముందుగాల కూసోండ్రి" అన్నాడు. అరగంటసేపు ఎవరినీ దిగనివ్వలేదు. ఆ అరగంటా వృథా అయిందని కొందరు గొణిగారు గానీ, మా లెక్కన ఆనాటి ప్రయాణంలో అదే అన్నిటికంటే విలువైన సమయం.

ఆయన చెప్పిన సంగతులు ఇంట్లో పిల్లలున్న ప్రతివారూ తెలుసుకోదగినవి. మత్తడి దూకే పాదం దగ్గర నీళ్ళు కింద పడి మళ్ళీ గోడ వైపే మరలుతాయి. పైకి నురుగు అందంగా ఉంటుంది. లోపల అది మనిషిని ముందుకు పోనివ్వకుండా వెనక్కి గుంజి తిప్పుతూ ఉంటుంది. ఎంత ఈతగాడైనా అక్కడ అలిసిపోతాడు. కనుక నీళ్ళు ఎక్కువగా దూకే రోజున ఆ దరికి పోనే కూడదు. పల్చగా జారే రోజున కూడా బండమీది నాచు సబ్బు కంటే జారుడు. నిలబడి నడవకుండా కూర్చొని జరగాలి. పారే నీళ్ళు మోకాలు దాటితే పెద్దమనిషిని కూడా పడదోస్తాయి. నీళ్ళు బురద రంగుకు మారినా, ఆకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకొచ్చినా పైన ఎక్కడో వాన పడ్డదని గుర్తు, మాట్లాడకుండా గట్టెక్కాలి. చెరువు లోపలి వైపు ఒడ్డు పొందికగా కనబడుతుంది గానీ, రెండడుగులు వేయగానే ఒండ్రులో కాలు దిగబడుతుంది. "చెరువుకు లోపల ఏముందో చెరువుకే ఎరుక. నేను నలబై ఏండ్ల సంది వల వేస్తున్న, కొత్త జాగల నేను గూడ కట్టెతోని పొడిచి చూసినంకనే దిగుత" అన్నాడు తాత.

మా సంఘంలో నర్సుగా పనిచేసే సహోదరి మిగిలిన సంగతి చెప్పింది. మునిగేవాడు సినిమాల్లోలాగా చేతులూపి కేకలు వేస్తాడనుకుంటాము. అది పొరపాటు. ఊపిరికే చాలని నోరు కేక వేయదు. తల వెనక్కి వాలి, నోరు నీటిమట్టానికి వచ్చి, నిశ్శబ్దంగా ఒక్క నిమిషంలోనే మునిగిపోతారు. పక్కనున్నవారు ఆడుకుంటున్నాడనుకుంటారు. అందుకే పిల్లలు నీళ్ళలో ఉన్నప్పుడు ఒక్క పెద్దమనిషి వేరే పని, ఫోను, కబుర్లు ఏమీ లేకుండా వారినే చూస్తూ ఉండాలి. ఎవరైనా మునుగుతుంటే ఈత రానివారు దూకకూడదు; ఒకరికోసం దూకి ముగ్గురు పోయిన ఇళ్ళు మనకు తెలియనివి కావు. తాడు, పాత చీర, వెదురు కట్టె, మూత బిగించిన ఖాళీ డబ్బా, గాలి నింపిన ట్యూబు, ఏది అందితే అది విసరాలి. బయటికి తీసినవాణ్ణి భుజాన వేసుకొని తిప్పడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం వంటి పాత పద్ధతులతో సమయం పోతుంది. వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి లేకుంటే తల కొంచెం వెనక్కి వంచి, ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి ఊదాలి. తరువాత రొమ్ము నడుమ రెండు చేతులూ పెట్టి 30 సార్లు గట్టిగా నొక్కి 2 సార్లు ఊదడం, 108 బండి వచ్చేదాకా ఆపకుండా అలాగే చేయాలి. ఆమె ఒక దిండు మీద చేసి చూపించింది. మగవారందరూ వంతులవారీగా చేశారు.

ఆ తల్లి ఇదంతా వింటూ ముందువరుసలోనే కూర్చుంది. "ఆనాడు ఈ ముచ్చట ఎవ్వరికి ఎరుక లేకపాయె. గంటసేపు తలకిందులు పట్టి తిప్పిండ్రు" అని ఒక్క మాట మాత్రం అన్నది. ఎవరమూ ఏమీ మాట్లాడలేదు. నర్సు సహోదరి వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది.

తరువాత దిగాము. తాత మత్తడికి దూరంగా, నీళ్ళు బండమీద మోకాళ్ళ లోతు పరుచుకున్న చోటు కట్టెతో పొడిచి చూసి ఎంచాడు. రెండు చెట్లకు మధ్య నీళ్ళమీదుగా మోకు కట్టించాడు. ఐదుగురు పిల్లలకు ఒక పెద్ద. అమ్మాయిలకు కొంచెం ఎగువన వేరే తావు, దగ్గర పెద్ద ఆడవారు. చీర నీళ్ళలో కాళ్ళకు చుట్టుకొని బరువెక్కుతుంది కనుక దిగదలచినవారు పంజాబీ డ్రెస్సులు వేసుకోవాలని ముందే చెప్పి ఉంచాము. అరవై దాటిన మా అవ్వ మనుమరాలి డ్రెస్సు వేసుకొని దిగడం చూసి బస్సు డ్రైవరు కూడా నవ్వాపుకోలేకపోయాడు. అందరికంటే చివర గట్టెక్కింది కూడా ఆమే!

పన్నెండేళ్ళ అబ్బాయి గట్టుమీదే నిలబడ్డాడు, తల్లి వైపు చూస్తూ. తాత వచ్చి, "అవ్వా, పిలగాణ్ణి నా చేతికియ్యి. నడుముకు తాడు కడ్త, తాడు కొస నువ్వే పట్టుకో" అన్నాడు. అలాగే కట్టారు. ఆమె మోకు కొసను మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకొని ఒడ్డున నిలబడింది. తాత వాడి వీపు కింద చెయ్యి పెట్టి వెల్లకిలా నీళ్ళమీద పడుకోబెట్టాడు. చెవుల్లోకి నీళ్ళు పోతే భయపడవద్దని, రొమ్ము నిండా గాలి పట్టి ఆకాశం దిక్కు చూడమని చెప్పాడు. రెండుసార్లు మునిగి లేచాడు. మూడోసారి తాత చెయ్యి తీసేశాడు. పిల్లవాడు పది లెక్కపెట్టేంతసేపు తేలాడు. పది మేము లెక్కపెట్టాము, పైకే. ఆమె నోట మాట లేదు, తాడు మాత్రం వదలలేదు. అయిదున్నరకు తాత అందరినీ గట్టెక్కించి తలలు లెక్కపెట్టమన్నాడు. మేము లెక్కపెట్టాక ఆమె మళ్ళీ లెక్కపెట్టింది.

ఆ రోజు నుండి వాడికి ఈత నేర్పించాలన్నది ఆమె పట్టుదల. బాన్సువాడలో ఈత బాగా వచ్చిన ఇద్దరు పెద్దవారు ఎండాకాలంలో నీళ్ళు తక్కువగా ఉన్న ఒక దిగుడుబావిలో ఆదివారం సాయంత్రాలు నేర్పారు. ఎండుసొరకాయ బుర్రలు నడుముకు కట్టి నేర్పే పాత పద్ధతే. మొదట నలుగురు పిల్లలు వచ్చారు, తరువాత పదకొండు మంది అయ్యారు. ఆడపిల్లలను పంపడానికి ఇంకా చాలా ఇళ్ళలో ఒప్పుకోవడం లేదు. ఇది బాగాలేదు, ఈ సంగతి స్త్రీల మైత్రిలో మళ్ళీ ఎత్తుతాము.

2025 ఆగస్టు చివరి వారంలో కామారెడ్డి, మెదక్ జిల్లాల్లో కుంభవృష్టి కురిసింది. మనవారి పొలాలెన్నో ఇసుక మేట వేశాయి, రోడ్లు తెగాయి. పోచారానికి వచ్చిన వరద చూసి కట్ట తెగుతుందేమోనని దిగువ ఊళ్ళవారంతా వణికిపోయారు. నూరేళ్ళు దాటిన ఆ రాతికట్ట పక్క కోతపడినా తెగకుండా నిలిచింది. తిరిగి దసరా సెలవులు దగ్గరపడగానే మా పిల్లలు పోచారం పోదామని గోల మొదలుపెట్టారు. తాతకు ఫోను చేశాము.

"అప్పుడే రాకుండ్రి" అన్నాడాయన. "పోయినేడు మోకాళ్ళ మట్టుకు ఉన్న జాగ ఇప్పుడు లేదు. వరద బండలను ఎత్తుకపోయింది, కొత్త గుండాలు పడ్డయి. నేనే ఇంక మొత్తం పొడిచి చూడలేదు. చూసినంక నేనే ఫోన్ చేస్త. అందాక ఖిల్లా మీదికి పోయిరాండ్రి."